పంటు మీద ఆడిన ఆ కారు రేసు గేమును మళ్ళీ నడిపించడం ఎలా?

నర్సాపురం రేవులో గోదావరి దాటించే పంటు (బల్లకట్టు పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు దిగేలోపు ఫోన్లో ఒక రేసు పూర్తయ్యేది. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, కాలేజీకి వెళ్ళొచ్చే మేము, అందరం అదే పంటు మీద. నా చేతిలో బాబాయి కువైట్ నుంచి తెచ్చిన నోకియా 6600. ఆడేది ఒక్కడే అయినా మెడలు చాచి చూసేవాళ్ళు నలుగురు. ‘ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్’ అనే సినిమా ఒకటుందని మాకు తెలిసింది తర్వాత. ముందు తెలిసింది గేమే.

ఆ సినిమా 2001లో వచ్చింది. తర్వాత ఆ పేరు మీద ఐ-ప్లే అనే కంపెనీ ఫోన్లకు జావా గేములు (జావా అనే కంప్యూటర్ భాషలో రాసినవి) విడుదల చేసింది. 2006లో ‘టోక్యో డ్రిఫ్ట్’ సినిమా వచ్చినప్పుడు దానికీ ఒక ఫోన్ గేమ్ ఉంది. 2011లో ‘ఫాస్ట్ ఫైవ్’ వచ్చేసరికి ఆ పని గేమ్‌లాఫ్ట్ చేసింది. ఇలా సినిమా పేరుతో వచ్చిన గేములు వేటినీ ఇప్పుడు ఏ స్టోరులోనూ మామూలుగా కొనలేం. సినిమా పేరు వాడుకునే హక్కు కొంతకాలానికే ఇస్తారు, ఆ కాలం తీరాక అమ్మడం ఆపేస్తారు. ఆ రోజుల్లో గేములు అమ్మిన నెట్‌వర్క్ కంపెనీల పేజీలు కూడా మూతపడ్డాయి. కాబట్టి మన ఇళ్ళల్లో, పాత కార్డుల్లో మిగిలిందే మిగిలింది. దాన్ని ఎలా బయటికి తీయాలో, ఎలా ఆడాలో, ఎలా దాచుకోవాలో నేను చేసిన పద్ధతిలోనే చెబుతాను. ఏ జావా రేసు గేముకైనా ఇదే దారి.

ముందు ఫైల్ వెతకండి

మీకు కావలసింది చివర డాట్ జార్ అని ఉండే ఒక చిన్న ఫైల్. ఎక్కువ వాటి సైజు వంద కేబీ నుంచి ఒక ఎంబీ లోపు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఒక్క ఫొటో అంత జాగాలో మొత్తం రేసు, కార్లు, రోడ్లు, పాట అన్నీ పట్టించేవాళ్ళు.

అలమరలో పాత ఫోన్ డబ్బా తీయండి. ఫోన్ కన్నా ముందు మెమరీ కార్డు చూడండి. అప్పట్లో సెల్ షాపుకి వెళ్ళి పాటలు, గేములు ఎక్కించుకునేవాళ్ళం కదా, అవన్నీ కార్డులోనే వేసేవాళ్ళు. 6600లో పడేది ఎంఎంసీ కార్డు. అది చూడటానికి పెద్ద ఎస్‌డీ కార్డు లాగే ఉంటుంది, చాలా కార్డు రీడర్లలో ఎస్‌డీ పెట్టే చోటే పడుతుంది. తర్వాతి ఫోన్లలో మైక్రో ఎస్‌డీ వచ్చింది, దానికి ఏ రీడరైనా సరిపోతుంది.

కార్డు పెట్టగానే కంప్యూటర్ ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడిగితే వద్దు అనండి. ఇది గట్టిగా చెబుతున్నాను. నా మొదటి కార్డు అలాగే పోయింది. చదవడం లేదని ఒక షాపులో ఇస్తే, గంట తర్వాత ‘కార్డు బాగైంది తమ్ముడూ, ఫార్మాట్ కొట్టేశాను’ అని ఖాళీ కార్డు చేతిలో పెట్టారు. అందులో మా అన్నయ్య పెళ్ళి ఫొటోలు కూడా ఉన్నాయి. కార్డు చదవకపోతే దాని బంగారు రంగు పిన్నులను స్కూలు పిల్లలు వాడే మెత్తటి రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టండి. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గర ఊళ్ళల్లో ఉప్పు కూడా ఉంటుంది. పిన్నుల మీద సన్నటి మసక పొర కడుతుంది. నా రెండో కార్డు రబ్బరుతో రుద్దాకే తెరుచుకుంది.

తెరుచుకున్నాక అందులో ఏదీ తెరవకుండా, ఏదీ మార్చకుండా మొత్తాన్ని కంప్యూటర్లోకి కాపీ చేయండి. దాచిన ఫైళ్ళు కూడా కనిపించేలా పెట్టుకోండి, ఎందుకంటే 6600, ఎన్70 లాంటి సింబియన్ (అప్పటి నోకియా స్మార్ట్‌ఫోన్లను నడిపిన సాఫ్ట్‌వేర్) ఫోన్లలో కార్డు మీద వేసిన గేమ్ ‘సిస్టమ్’ అనే ఫోల్డర్లో, దాని లోపల ‘మిడ్లెట్స్’ అనే ఫోల్డర్లో ఉంటుంది. అక్కడికి వెళ్ళి డాట్ జార్ కోసం వెతకండి.

కార్డులో లేకపోతే పాత కంప్యూటర్ ఉన్న బంధువుల ఇళ్ళల్లో అడగండి. సెల్ షాపులు నడిపినవాళ్ళ దగ్గర ‘నోకియా గేమ్స్’ అనే ఫోల్డర్ పాత హార్డ్ డిస్కుల్లో ఇంకా ఉండొచ్చు. అమలాపురమైనా, రాజోలైనా, పాలకొల్లైనా పదిహేనేళ్ళుగా అదే కొట్టు నడుపుతున్నవాళ్ళను పలకరించండి. నెట్‌లో వెతికితే మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ గేమ్ పేరు పెట్టి ఆండ్రాయిడ్ ఏపీకే (ఆండ్రాయిడ్‌లో యాప్ వేసుకునే ఫైల్) ఇస్తున్నారంటే అది మీరు ఆడిన గేమ్ కాదు. దాన్ని దింపకండి.

ఫైల్ లోపల ఏముందో చూడండి

చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు, తర్వాత స్క్రీన్ సరిపోలేదని విసుగుపడతారు. డాట్ జార్ అంటే నిజానికి జిప్ ఫైలే. దానికి ఒక కాపీ తీసి, కాపీ పేరు చివర జార్ తీసేసి జిప్ అని పెట్టి తెరవండి. లోపల ‘మెటా-ఇన్ఫ్’ అనే ఫోల్డర్, అందులో ‘మానిఫెస్ట్’ అనే ఫైల్ ఉంటాయి. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మిడ్లెట్-నేమ్ అన్న చోట గేమ్ పేరు, మిడ్లెట్-వెండర్ అన్న చోట విడుదల చేసిన కంపెనీ పేరు, మిడ్లెట్-వెర్షన్ అన్న చోట ఎన్నో వెర్షనో కనిపిస్తాయి. షాపుల్లో ఫైల్ పేర్లు ఇష్టమొచ్చినట్టు మార్చేవాళ్ళు. ‘కార్ రేస్ సూపర్’ అని ఉన్న ఫైల్ తెరిస్తే లోపల నాకు కావలసిన పేరు కనబడింది.

అదే జిప్‌లో పీఎన్‌జీ బొమ్మలు కూడా ఉంటాయి. వాటిలో పెద్దది, అంటే గేమ్ తెరవగానే వచ్చే మొదటి బొమ్మను తెరిచి, దాని వెడల్పు, ఎత్తు చూడండి. 176, 208 అని ఉంటే అది 6600, ఎన్70 లాంటి ఫోన్లకు చేసినది. 240, 320 ఉంటే ఎన్73, 6300, 5130 లాంటివాటికి. 128, 160 ఉంటే 3110 క్లాసిక్, 2690 లాంటి చిన్న ఫోన్లకు. ఒకే గేమును మోడల్‌కి ఒకటి చొప్పున ఎన్నో జార్‌లుగా చేసేవాళ్ళు. మోడల్ మారితే బొమ్మలు, ఒక్కోసారి రోడ్డు కూడా మారిపోతాయి. మీరు ఆడిన గేమ్ మీకు ‘అదే’ అనిపించాలంటే మీరు వాడిన ఫోన్ సైజు జార్ దొరకాలి. నేను ముందు 240 వెడల్పుది ఆడాను. బొమ్మలు బాగున్నాయి కానీ అది మా పంటు మీద గేములా అనిపించలేదు. రెండు సైజులూ దొరికితే రెండూ దాచండి.

కొన్నిసార్లు జార్‌తో పాటు అదే పేరుతో డాట్ జాడ్ అనే చిన్న ఫైల్ ఉంటుంది. అందులో జార్ సైజు రాసి ఉంటుంది. జార్‌ను ఎవరైనా మార్చి ఉంటే ఆ లెక్క కుదరక ఫోన్ ‘ఫైల్ చెల్లదు’ అంటుంది. అప్పుడు జాడ్‌ను పక్కన పెట్టి, ఒక్క జార్‌తోనే ప్రయత్నించండి.

ఇప్పటి ఫోన్లో ఆడటం

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ‘జే2ఎంఈ లోడర్’ అనే ఉచిత యాప్ వేసుకోండి. జే2ఎంఈ అంటే ఆ పాత ఫోన్లలో ఉండే జావా పేరు. యాప్ తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి, మీ జార్‌ను చూపిస్తే కాసేపట్లో గేమ్ పేరు జాబితాలోకి వస్తుంది. దాన్ని నొక్కితే ముందు సెట్టింగుల పేజీ వస్తుంది. అక్కడే అసలు పనంతా ఉంది, తొందరపడకండి.

స్క్రీన్ సైజు అన్న చోట ఇందాక బొమ్మలో చూసిన అంకెలే వేయండి. గేమ్ తెరంతా పరుచుకోవాలని ఎక్కువ సైజు పెడితే రోడ్డు ఒక మూల, స్పీడు మీటరు ఇంకో మూలకు పోతాయి. తెర నిండా కనిపించాలంటే సైజు మార్చకుండా స్కేల్ పెంచండి, వెడల్పు-ఎత్తుల నిష్పత్తి మాత్రం చెడనివ్వకండి. సాగదీస్తే కారు అణగదొక్కినట్టు కనిపిస్తుంది.

తర్వాత ఎఫ్‌పీఎస్ లిమిట్, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు వేయాలన్న హద్దు. ఆ రోజుల్లో కొన్ని గేములను ఫోన్ ఎంత నెమ్మదిగా బొమ్మ వేయగలదో చూసుకుని, ఆ నెమ్మదితోనే స్పీడు కుదిరేలా రాసేవాళ్ళు. ఇప్పటి ఫోన్లు వాటికన్నా ఎన్నో రెట్లు వేగం. అలాంటి గేమ్ లిమిట్ లేకుండా నడిపితే మొదటి మలుపు కనబడేలోపే కారు గోడకు కొట్టుకుంటుంది. నేను 15 దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కటే పెంచుకుంటూ వెళ్ళాను. చేతికి పాత అలవాటు గుర్తొచ్చిన చోట ఆపండి. ఈ అంకెను కాగితం మీద రాసుకోండి, మళ్ళీ వేసుకున్నప్పుడు పనికొస్తుంది.

ఇక బటన్లు. తెర మీద ఫోన్ కీప్యాడ్ బొమ్మ వస్తుంది. రేసుకు కావలసినవి తక్కువ. 4 ఎడమ, 6 కుడి, 2 ముందుకు, 8 బ్రేకు, 5 ఓకే లేదా నైట్రో (కాసేపు కారు స్పీడు పెంచేది), ఇంకా పైన రెండు సాఫ్ట్ కీలు (తెర కిందనే ఉండే బటన్లు). చాలా గేముల్లో ఇవే, కొన్నింటిలో నైట్రోకు స్టార్ గానీ హ్యాష్ గానీ ఉంటుంది. గేమ్ లోపలి హెల్ప్ పేజీలో చూసుకోండి. లేఅవుట్ మార్చే వీలుంది కాబట్టి 4ను ఎడమ బొటనవేలి కిందికి, 6, 5లను కుడి బొటనవేలి కిందికి లాక్కోండి, మిగతావి కనిపించకుండా చేయండి.

కంప్యూటర్లో ఆడాలంటే ఈ జార్‌లను నడిపే కెఎమ్యులేటర్ లాంటి ప్రోగ్రాములు ఉన్నాయి. అయితే కీబోర్డు కుడి పక్కన ఉండే అంకెల్లో 7, 8, 9 పైన ఉంటాయి, ఫోన్లో 1, 2, 3 పైన ఉంటాయి. 2 నొక్కితే ముందుకు వెళ్తుందని అలవాటైన వేలు తికమకపడుతుంది. బాణం గుర్తుల కీలతో ఆడండి.

అసలు ఫోన్లోనే ఆడాలనుకుంటే

నా మాట వింటే కనీసం ఒక్కసారైనా పాత ఫోన్లోనే ఆడండి. గాజు తెర మీద వేలు పెట్టి తిప్పడానికి, కింద టక్కుమనే బటన్ నొక్కి తిప్పడానికి చాలా తేడా ఉంది. ఈ గేములు ఆ బటన్ కోసమే చేసినవి. చాలా కీప్యాడ్లు ఒకేసారి రెండు బటన్లు నొక్కితే ఒక్కదాన్నే పట్టించుకునేవి. అందుకే ఎక్కువ గేముల్లో యాక్సిలరేటర్ దానంతటదే నడుస్తుంది, మీరు తిప్పడమే. కొన్నింటిలో 1 నొక్కితే ముందుకూ ఎడమకూ, 3 నొక్కితే ముందుకూ కుడికీ కలిపి వెళ్తుంది. ఇది తెలిశాక నా టైమింగ్ వెంటనే మెరుగైంది.

ముందు బ్యాటరీ. 6600, ఎన్70, 3110 క్లాసిక్ లాంటివాటిలో పడేది బీఎల్-5సీ, 3.7 వోల్టులది. ఇప్పటికీ చాలా సెల్ షాపుల్లో దొరుకుతుంది. పాతదాన్ని నున్నటి బల్ల మీద పెట్టి బొంగరంలా తిప్పి చూడండి. గిర్రున తిరిగిందంటే పొట్ట ఉబ్బిందన్నమాట. దాన్ని చార్జింగ్ పెట్టకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. కొత్తది కొనండి. చార్జర్ అడిగేటప్పుడు లావు పిన్నా, సన్న పిన్నా అని చూసుకోండి. 6600కి లావు పిన్ను.

బటన్లు సరిగా పడకపోతే పై కవరు తీసి చూడండి. కీప్యాడ్ కింద పలచటి షీటుకు అంటుకుని చిన్న చిన్న గుండ్రటి రేకు బిళ్ళలు ఉంటాయి. నా ఫోన్లో 4 దగ్గరి బిళ్ళ కింద పచ్చటి మరక పట్టింది. అన్ని బటన్లూ పనిచేస్తున్నా కారు ఎడమకు మాత్రం తిరిగేది కాదు. షీటు మెల్లగా లేపి, రిపేరు షాపుల్లో వాడే ఐపీఏ లిక్విడ్‌ను (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ఇయర్ బడ్‌తో అద్ది రెండువైపులా తుడిచి, పూర్తిగా ఆరాక మళ్ళీ అతికిస్తే సరిపోయింది. చేయి వణికే పనైతే రిపేరు చేసేవాళ్ళకు ఇచ్చి పక్కనే కూర్చోండి.

కొన్ని పాత ఫోన్లు సిమ్ లేకపోతే మెనూ తెరవవు. బ్యాలెన్స్ లేని పాత సిమ్ పెట్టినా పని జరుగుతుంది, అదే మంచిది కూడా. ఎందుకంటే కొన్ని గేములు తెరవగానే మెసేజ్ పంపమంటాయి, నెట్‌కు కనెక్ట్ కమ్మంటాయి. దేనికీ ఒప్పుకోకండి. ఆ రోజుల్లో ఈ ఒక్క ‘యస్’ వల్ల రీచార్జి మొత్తం ఖర్చయినవాళ్ళు మా పంటు మీదే చాలామంది ఉండేవాళ్ళు.

ఫైల్‌ను 6600 లాంటివాటికి బ్లూటూత్‌లో పంపితే ఇన్‌బాక్స్‌లో మెసేజ్ లాగ వస్తుంది, తెరిస్తే ఇన్‌స్టాల్ అవుతుంది. ‘నమ్మకమైనది కాదు, కొనసాగించాలా?’ అని ఇంగ్లీషులో అడుగుతుంది, ఆ ఒక్కదానికి సరేననండి. మామూలు నోకియా ఫోన్లలో కొన్ని బ్లూటూత్‌లో వచ్చిన గేమును నడపవు. వాటికి మెమరీ కార్డులో వేసి, గ్యాలరీ నుంచి తెరవండి. పాత ఫోన్లు పెద్ద కార్డులను గుర్తించవు, 2 జీబీ లోపుది పెట్టండి. సర్టిఫికెట్ గడువు తీరిందని అంటే ఫోన్లో తేదీని 2006కో 2007కో వెనక్కి పెట్టి మళ్ళీ ప్రయత్నించండి. ఎక్కాక తేదీ సరిచేసుకోవచ్చు.

రేసులో

ఇలాంటి గేముల్లో ఎక్కువ వాటిలో రోడ్డు నిజమైన త్రీడీ కాదు. దూరంగా సన్నగా, దగ్గరగా వెడల్పుగా చారలు గీసి రోడ్డులా చూపిస్తారు. మలుపు రాగానే కారును బయటి వైపు నెట్టడమే మలుపు అన్న భ్రమ. అది అర్థమైతే ఆడటం తేలిక. మలుపు కనబడగానే, ఇంకా రాకముందే లోపలి వైపుకు జరగండి. బటన్ పట్టుకుని ఉండకండి, టక్ టక్ అని చిన్న చిన్న నొక్కుళ్ళతో తిప్పండి. నైట్రోను మలుపు దాటి తిన్నటి రోడ్డు మొదలైనప్పుడు వాడండి. గేర్లు మనమే మార్చే రేసైతే మీటరు ముల్లునే చూడండి, పక్క కారును చూడకండి. ముల్లు ఎర్ర గీత చేరకముందే గేరు వేయాలి. మొదటి రెండు గేర్లలో ఆలస్యమైతే ఆ రేసు పోయినట్టే.

గెలిచింది పోకుండా

మీరు గెలిచిన కార్లు, డబ్బులు జార్ ఫైల్లో ఉండవు. ఫోన్ వాటిని విడిగా దాచుకుంటుంది, గేమ్ తీసేస్తే అవి కూడా పోతాయి. ఫోన్ నెమ్మదైందని నేను గేమ్ డిలీట్ చేసి మళ్ళీ వేశాను. మొదటి కారుతో మొదటి వీధిలో నిలబడ్డాను. మూడు నెలల ఆట పోయింది. కాబట్టి ఆడుతున్నంత కాలం గేమును ముట్టుకోకండి. జే2ఎంఈ లోడర్‌లో అయితే ఆ యాప్ వాడుకునే ఫోల్డర్ మొత్తాన్ని నెలకోసారి వేరేచోటికి కాపీ తీయండి, సేవ్ కూడా దాంతో పాటే వస్తుంది.

అసలు జార్‌ను మాత్రం ఇప్పుడే మూడు చోట్ల పెట్టండి: కంప్యూటర్లో ఒకటి, పెన్ డ్రైవులో ఒకటి, మీ మెయిల్‌కు మీరే పంపుకున్నది ఒకటి. మెయిల్ జార్‌ను ఒప్పుకోకపోతే దాన్ని నేరుగా గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. పక్కన ఒక నోట్‌లో ఫోన్ మోడల్, స్క్రీన్ సైజు, ఎఫ్‌పీఎస్ అంకె రాయండి. ఈ గేమ్ హక్కులు కంపెనీలవే కాబట్టి దాన్ని అమ్ముకునే పని పెట్టుకోకండి. ఫోన్ వాడనప్పుడు బ్యాటరీ విడిగా తీసి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. వానాకాలం అయ్యాక ఆ పొట్లాలు మార్చండి.

రేసు మధ్యలో దిగాల్సి వస్తే ఎర్ర బటన్ నొక్కకండి. చాలా గేములు అప్పుడు సేవ్ చేయకుండానే మూతపడతాయి. సాఫ్ట్ కీ నొక్కి, మెనూలోకి వెళ్ళి, అక్కడి నుంచి ఎగ్జిట్ అనాలి. పంటు రేవుకు తగిలి తాడు విసిరే లోపు మేం చేసే ఆఖరి పని అదే. ఫోన్ జేబులో వేసుకుని, సైకిలు స్టాండు తీసేవాళ్ళం.